48 గ్రాముల పెసలు

మొన్న రాత్రి బాబాయి వాట్సాప్‌లో ఒక కరపత్రం ఫోటో పంపాడు. కొత్త పెసర రకం. దోసిట్లో పచ్చగా మెరిసే గింజలు, పక్కన పెద్ద అక్షరాల్లో "ఎకరాకు 6 నుంచి 7 క్వింటాళ్లు". కింద చిన్న అక్షరాల్లో పంటకాలం, పల్లాకు తెగులును (ఆకులు పసుపెక్కించే వైరస్ తెగులు) తట్టుకుంటుందన్న మాట. ఫోటో కింద బాబాయి రాసింది ఒకటే ముక్క: "ఇది వెయ్యమంటావా?"

వ్యవసాయ కాలేజీలో చదివిన పాపానికి ఏటా తొలకరి ముందు ఇలాంటి ప్రశ్నలు వస్తూనే ఉంటాయి. మామూలుగా అయితే రెండు నిమిషాల్లో బదులిచ్చేవాణ్ణి. ఈసారి రెండు రోజులైనా వేళ్లు ఆడలేదు. ఆ కరపత్రంలో అబద్ధమేమీ లేదు. ఆ దిగుబడి ఎక్కడో ఎవరి చేలోనో వచ్చే ఉంటుంది. కానీ ఖమ్మం జిల్లాలో మా వాళ్లకున్న ఎర్ర చెలకలో పునాస (తొలకరికి వేసే) పెసర ఎకరాకు రెండు, రెండున్నర క్వింటాళ్లు దాటిన ఏడాదులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. దేశం మొత్తం సగటు తీసినా హెక్టారుకు 5 క్వింటాళ్ల చుట్టూనే తిరుగుతుంది, అంటే ఎకరాకు రెండు. మిగతా నాలుగు క్వింటాళ్లు ఏమవుతున్నాయి?

"రైతు యాజమాన్యం సరిగ్గా చెయ్యడు" అన్నది కాలేజీలో మాకు అప్పజెప్పించిన జవాబు. చాలాకాలం నేనూ అదే చెప్పుకొచ్చాను. ఇప్పుడు నాకు అనిపించేది ఇది: కొత్త రకం గురించి రైతుకు చెప్పాల్సిన మొదటి అంకె, ఆ రకాన్ని పరీక్షించిన చోట్లన్నింట్లోకీ అతి చెడ్డ చోట, అతి చెడ్డ ఏడాది ఎంత దక్కింది అన్నది. ఆ అంకె ఏ కరపత్రం మీదా నేను చూడలేదు. ఎందుకు కనబడదో కొంత తెలుసు, ఎందుకంటే ఆ అంకెలు తయారయ్యే చోట కొన్నాళ్లు నేనూ కూర్చున్నాను.

నాలుగు వరుసల మడి

చివరి సంవత్సరంలో కొత్త రకాలు తయారుచేసే ఒక బ్రీడర్ సారు దగ్గర సాయంగా పనిచేశాను. ఏ పరిశోధన స్థానమో ఇక్కడ అనవసరం. పెసర పువ్వు విచ్చుకోకముందే లోపలే తన పని తాను చక్కబెట్టుకుంటుంది. కాబట్టి రెండు రకాల్ని కలపాలంటే, మర్నాడు విచ్చబోయే మొగ్గను సాయంత్రం పట్టుకుని, చిమటాతో రేకులు తప్పించి, పది కేసరాలనూ ఒక్కొక్కటిగా లాగెయ్యాలి. చెయ్యి కాస్త బరువుగా పడితే మొగ్గ రాలిపోతుంది. పొద్దున్నే ఇంకో రకం పుప్పొడి తెచ్చి అద్ది, దారం కట్టి, చీటీ తగిలించాలి. వంద మొగ్గలకు పది కాయలు నిలిచాయంటే సారు అందరికీ టీ తాగించేవారు. అలా నిలిచిన గింజ నుంచి తరాలకు తరాలు ఏరుకుంటూ పోయి, రకం అని పేరు పెట్టేసరికి పది పన్నెండేళ్లు పడుతుంది. ఈ వ్యాసంలో బ్రీడర్ల మీద విసురు కనిపిస్తే అది నా రాతలో లోపం. ఆ పని ఎంత ఓపికతో చెయ్యాలో దగ్గరుండి చూశాను.

నన్ను తొలిచేది ఆ తర్వాతి మెట్టు. పోటీలో నిలబెట్టిన ఒక్కో రకానికీ ఒక మడి ఇస్తారు. మా దగ్గర అది నాలుగు వరుసలు, వరుస నాలుగు మీటర్లు, వరుసల మధ్య 30 సెంటీమీటర్లు. మొత్తం 4.8 చదరపు మీటర్లు. రెండు మంచాలు వేస్తే నిండిపోయే జాగా. హెక్టారంటే 10,000 చదరపు మీటర్లు కాబట్టి, ఆ మడిలో ఒక గ్రాము తేడా వస్తే పుస్తకంలో హెక్టారుకు రెండు కిలోల పైచిలుకు తేడా అవుతుంది. 48 గ్రాముల తేడా అంటే హెక్టారుకు క్వింటాలు. పోల్చడానికి పక్కన వేసిన పాత రకం హెక్టారుకు పది క్వింటాళ్లు ఇచ్చిందనుకోండి, కొత్తది దాన్ని పది శాతం దాటింది అనిపించేది ఆ క్వింటాలే. అంటే దాదాపు 120 కాయలు. ఒక ఆడమనిషి కొంగులో ఒక్క మూలకు వచ్చేన్ని.

ఒక మధ్యాహ్నం కోసిన కాయల్ని మడి మడికీ వేరే కుప్పగా టార్పాలిన్ మీద ఆరబోశాం. ఎండ ముదిరేసరికి చిటపటమని కాయలు పగలడం మొదలైంది. పెసరకాయ ఎండి పగిలితే రెండు తొక్కలూ మెలితిరిగి గింజను విసిరికొడతాయి. ఒక కుప్పలో గింజలు పక్క కుప్పలోకి ఎగిరిపడుతున్నాయి. నేనూ ఇద్దరు కూలీలూ చీపుర్లు పట్టుకుని పరిగెత్తి, ఏది ఎవరిదో అంచనాగా పంచేశాం. ఆ సాయంత్రం తూకంలో నా అక్షరాలతోనే రెండు దశాంశ స్థానాల వరకు రాశాను.

దీనికి విరుగుడు ఉంది, నాకూ తెలుసు. ఒకే రకాన్ని ఒకే చోట మూడు మడుల్లో వేస్తారు, వేరే వేరే కేంద్రాల్లో వేస్తారు, ఏళ్ల తరబడి వేస్తారు. గణాంకశాస్త్రం ఉన్నదే ఇలా చిందిన గింజల కోసం. అయితే సగటు తీసేటప్పుడు ఒక ఆనవాయితీ ఉంది. మడికీ మడికీ తేడా మరీ ఎక్కువ వచ్చిన చోటును, దిగుబడి మరీ తక్కువ వచ్చిన చోటును లెక్కలోంచి పక్కన పెడతారు. దానికీ కారణం ఉంది. నీళ్లు నిలిచి సగం మడులు పోయిన ప్రయోగంలో రకాల మధ్య తేడా ఏదో, నేల ఎగుడుదిగుడు ఏదో విడదీయలేం. శాస్త్రం ప్రకారం అది సరైన పనే. కానీ ఒక్కసారి మా చెలక వైపు నుంచి చూడండి. నీళ్లు నిలిచిన చోటు, పదును ఆరిపోయిన చోటు, విత్తనం ఆలస్యమైన చోటు, అన్నీ పక్కకు పోయాయి. బాగా పండిన చోట్లు మిగిలాయి. ఆ మిగిలినవాటి సగటే కరపత్రం ఎక్కి బాబాయి ఫోన్లోకి వచ్చింది.

మిగిలినవాటితో పండే పంట

వరికి నీళ్లు కొని పెడతారు, మిర్చికి అప్పు చేసి మందులు కొడతారు. పెసరకు ఎవరూ అంత చెయ్యరు. అది మిగిలినవాటితో పండే పంట. కృష్ణా డెల్టా మాగాణుల్లో వరి ఇంకా చేలో ఉండగానే, కోతకు రెండు మూడు రోజుల ముందు, బురద పదునులో విత్తనం చల్లేస్తారు. ఆ తర్వాత దున్నేది లేదు, తడి పెట్టేది తక్కువ. వరి తాగగా మిగిలిన తేమ, వరికి వెయ్యగా మిగిలిన ఎరువు, అంతే దాని భాగ్యం. మా వైపు పునాసలో తొలకరి పడగానే ఎదపెట్టి, ఆగస్టుకల్లా ఇంటికి తెచ్చుకుని, ఆ చేలో ఇంకేదైనా వేసుకోవాలన్న ఆశ. అక్కడ మిగిలేది కాలం. అరవై, అరవై అయిదు రోజులు.

పరిశోధన స్థానంలో పెసరకు దక్కే మర్యాద వేరు. విత్తనశుద్ధి జరుగుతుంది, అదునులో విత్తుతారు, తామర పురుగు కనబడిన రోజే మందు పడుతుంది. ఇదే మాట ఒకసారి సారుతో అన్నాను. ఆయన నవ్వి, "రాళ్ల నేలలో పరుగుపందెం పెడితే గెలిచినోడు గట్టివాడో, పడ్డవాడికి రాయి తగిలిందో ఎట్లా తెలుస్తుందయ్యా?" అన్నారు. అప్పుడు నోరు మూసుకున్నాను. ఇప్పటికీ దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. సగం జవాబు ఉంది: మా వాళ్లు పరిగెత్తాల్సింది రాళ్ల నేలలోనే. నున్నటి దారిలో గెలిచినవాడు అక్కడా గెలుస్తాడని నమ్మకం ఏమిటి?

పెసర చరిత్రలోనే దీనికి ఒక ఉదాహరణ ఉంది. తైవాన్‌లోని ప్రపంచ కూరగాయల కేంద్రం పెసర మీద చాలా పెద్ద పని చేసింది. గింజ లావు, కాపు ఒకేసారి, పొట్టి పంటకాలం, అన్నీ కుదిరిన రకాలు తయారుచేశారు. తీరా మన ఉపఖండానికి తెస్తే పల్లాకు తెగులుకు పసుపుబట్ట కప్పినట్టు అయిపోయాయి. వాళ్లు ఎంపిక చేసిన చోట ఆ తెగులే లేదు మరి. చివరికి పాకిస్తాన్‌లో ఫైసలాబాద్ శాస్త్రవేత్తలతో కలిసి, తెగులున్న చోట ఏరుకుంటూ మళ్లీ మొదలుపెట్టాక ఎన్.ఎం. 92, ఎన్.ఎం. 94 లాంటి రకాలు వచ్చాయి. ఆ ఎన్.ఎం. 94 నుంచి ఏరుకున్నదే లూధియానా వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ల ఎస్.ఎం.ఎల్. 668. కథ అక్కడితో అయిపోలేదు. ఉత్తరాదిన పల్లాకు తెచ్చే వైరస్, దక్షిణాదిన తెచ్చే వైరస్ దగ్గరి చుట్టాలే గానీ ఒకటి కావు. అక్కడ తట్టుకున్నది ఇక్కడ తట్టుకుంటుందన్న హామీ లేదు.

వానను ఎవరూ పిలవరు

పల్లాకు తెగులు పరీక్ష చూస్తే ముచ్చటేస్తుంది. రెండేసి వరుసలకు ఒక వరుస, తెగులుకు ఇట్టే లొంగిపోయే రకాన్ని కావాలనే వేస్తారు. తెల్లదోమ అక్కడ చేరి, వైరస్‌ను మోసుకుని అటూ ఇటూ పంచుతుంది. అక్కడ మందు కొట్టరు. శత్రువును ఇంటికి పిలిచి, భోజనం పెట్టి, ఎవరు నిలబడతారో చూస్తారు. ఆకుల పసుపును బట్టి 1 నుంచి 9 వరకు మార్కులు వేస్తారు. మన దగ్గర లాం, మధిర, వరంగల్ పరిశోధన స్థానాల నుంచి వచ్చిన రకాల్లో చాలావాటికి పల్లాకును తట్టుకుంటుందన్న మాట ఊరికే రాలేదు. డెల్టాలో చలికాలం మాగాణి పెసరను తినేసే బూడిద తెగులు కోసం ముంబయిలోని భాభా అణు పరిశోధన కేంద్రం, లాం ఫారం కలిసి టి.ఎం. 96-2 అనే ట్రాంబే పెసరను తెచ్చాయి. కష్టం ఎక్కడుందో అక్కడే పరీక్ష పెడితే ఫలితం ఇలా ఉంటుంది.

మరి మా వైపు కష్టం వాన. ఆగస్టులో కాయ నల్లబడి, రేపు మాపు కోద్దామనుకునే సమయానికి ముసురు పడుతుంది. నేను చూసిన అతి చెడ్డ ఏడాది తొమ్మిది రోజులు ఎండ పొడ లేదు. పదో రోజు చిన్నమ్మ ఒక కొమ్మ విరిచి నా చేతికిచ్చింది. కాయ తొక్క చిట్లి, చీలికలోంచి తెల్లటి మొలకలు వరసగా బయటికొచ్చాయి, పళ్ల దువ్వెనలాగా. "చూడు నాయనా, గుగ్గిళ్లు చేసుకోవడానికి నానబెట్టే పని కూడా లేదు" అంది. నవ్వుతూనే అంది. ఆ ఏడాది ఎకరాకు ముప్పై కిలోలు కూడా పనికొచ్చే గింజ రాలేదు.

2025-26కి పెసల మద్దతు ధర క్వింటాలుకు 8,768 రూపాయలు. మొలకెత్తిన గింజ, రంగు మారిన గింజ నాణ్యత ప్రమాణం దగ్గరే ఆగిపోతుంది. వ్యాపారి చెప్పిందే రేటు. పల్లాకు వస్తే పంట తగ్గుతుంది, వాన పడితే పండిన పంట చేతిలోనే పోతుంది. చిత్రమేమిటంటే ఈ రెండోదాన్ని పరీక్షించడం అంత కష్టమేమీ కాదు. ఆ దసరాకి ఊరెళ్లినప్పుడు, ఆలస్యంగా వేసిన ఇద్దరి చేలనుంచి రెండు రకాల ఎండుకాయలు తెచ్చి, రకానికి పది చొప్పున తడి గోనెపట్టాలో చుట్టి వసారాలో పెట్టాను. మూడో రోజు విప్పితే ఒకదాంట్లో ఏడు కాయలు మొలకేశాయి, రెండోదాంట్లో రెండు. ఇది శాస్త్రం అనను. పది కాయలతో ఏదీ తేలదు. ప్రయోగశాలల్లో ఇంతకన్నా పద్ధతిగా ఇలాంటి పరీక్షలు చేస్తారు కూడా. కానీ ఆ ఫలితం పరిశోధన పత్రాల్లో ఉండిపోతుంది. కరపత్రం మీద పల్లాకు పక్కన ఒక గడి వేసి, "కోతకు ముందు వాన పడితే" అని ఎందుకు రాయకూడదు?

ఇక్కడ నా మాటను నేనే ఒకసారి అడ్డుకోవాలి. గింజ మొలకెత్తకుండా ఉండటానికి ఒక దారి, పైపొర నీళ్లు పీల్చకపోవడం. అది మరీ గట్టిబడితే వంటింట్లో గొడవ. రాత్రంతా నానబెట్టిన పెసల్లో అక్కడక్కడా రాయిలా మిగిలిపోయే గింజలు మీకూ తెలుసు. మిక్సీలో టకటకమని మోగుతాయి, అట్టు వేస్తే పంటికింద పడతాయి. చేలో గెలిచింది పెనం మీద ఓడిపోతుంది. కోసిన పది పదిహేను రోజులవరకు గింజ నిద్రపోయి, తర్వాత లేచే రకం కావాలి. అది దొరకడం అంత సులువు కాదని ఒప్పుకుంటాను.

చిన్నమ్మ లెక్క

ఇంకో పెద్ద చర్చ కోతల గురించి. పాతకాలపు పెసర కాస్తూనే పూస్తుంది. మూడుసార్లు కూలీలు ఏరాలి. కూలీ రేటు చూశాక ఎవరికైనా ఒకేసారి కోతకొచ్చే రకమే కావాలనిపిస్తుంది. లాం 460 అనే రకం అంతగా పాకిపోవడానికి దిగుబడి ఒక్కటే కారణం అనుకోను. కాయలు మొక్క పైభాగాన గుత్తులుగా కాస్తాయి, దాదాపు ఒక్కసారే పండుతాయి. కాన్పూర్ పప్పుధాన్యాల సంస్థ తెచ్చిన విరాట్ రకం 55 రోజుల చుట్టూ చేతికొస్తుందంటే వేసవి పెసర రైతులు ఎగబడ్డారు. అదే వేసవి పెసరలో, మధ్యప్రదేశ్‌లోని హర్దా, నర్మదాపురం వైపు, పచ్చిగా ఉన్న చేనును గడ్డిమందు కొట్టి ఎండబెట్టి మిషన్ దింపే అలవాటు కూడా వచ్చింది. మన దగ్గరా అక్కడక్కడా మొదలైందని వింటున్నాను. ఆకు తనంతట తాను రాలి, కాయంతా ఒకేసారి ఎండే రకం ఉంటే ఆ మందు అవసరమే ఉండదు. తినేవాళ్లం కూడా ఈ సంగతి పట్టించుకోవాలి.

ఇదంతా చిన్నమ్మకు గొప్పగా చెప్పాను. ఆవిడ విని, "ఒక్క కోతే అయితే ఆ ఒక్క రోజూ వానొస్తే?" అంది. "మూడు కోతలుంటే ఒకటి పోయినా రెండు దక్కుతయి. కూలీ ఎక్కువే, కాదనను. నేనూ కోడలూ ఏరుకుంటం, మాకెవరు కూలీ ఇస్తరు?"

అక్కడ నేను కొన్నాళ్లు ఆగిపోయాను. నేను పుస్తకంలో లోపం అని చదువుకున్నదాన్ని ఆవిడ బీమాలాగా చూస్తోంది. పదిహేనెకరాలవాడికి మిషన్ కోత లాభం, రెండెకరాల ఆవిడకు మూడు కోతలు ధైర్యం. రెండూ ఒకే సగటులో ఎలా ఇముడుతాయి? కానీ చెడ్డ ఏడాది అంకె చెబితే ఇద్దరికీ పనికొస్తుంది. ఎవరు ఎంత తట్టుకోగలరో వాళ్లే తేల్చుకుంటారు. మా ఊళ్లో పెసర మానేసినవాళ్లలో ఒక్కడు కూడా "ఆరు క్వింటాళ్లు రాలేదు" అని మానలేదు. అందరూ ఏదో ఒక ఆగస్టు పేరు చెప్పి మానేసినవాళ్లే. ఇప్పుడు అక్కడ పత్తి ఉంది.

కొత్త రకం విత్తనం చిన్న సంచుల్లో ఇచ్చి రైతుల చేలల్లోనే మినీకిట్ పరీక్షలు పెడుతున్నారుగా, చెడ్డ నేల సంగతి అక్కడ తేలిపోదా అని అడగొచ్చు. తేలాలి. ఒక ఏడాది మా ఇంటికీ నాలుగు కిలోల సంచి వచ్చింది. బాబాయి ఏం చేశాడో తెలుసా? బావి పక్కన, పశువుల ఎరువు తోలిన అరెకరం మడిలో వేశాడు. "ఆఫీసర్లు చూడ్డానికొస్తరు, చేను బాగుండొద్దూ?" ఇంటికి చుట్టమొస్తే చిరిగిన చాప వేస్తామా? ఆ ఏడాది వానలూ అనుకూలించాయి. బ్రహ్మాండంగా పండింది. అభిప్రాయాల కాగితం నింపింది నేనే. దిగుబడి, పంటకాలం, తెగుళ్లు, గింజ రంగు, అన్నింటికీ గడులున్నాయి. ఎన్ని కోతలయ్యాయి, ఏ నేలలో వేశారు, మామూలుగా పెసర ఆ మడిలోనే వేస్తారా అన్న ప్రశ్నలు లేవు. ఉన్నా నిజం రాసేవాణ్ణా? అనుమానమే. "చాలా బాగుంది" అని రాసి సంతకం పెట్టించాను. ఆ కాగితం కూడా ఏదో ఒక సగటులో కలిసే ఉంటుంది.

మరుసటి ఏడాది అదే విత్తనం పై చెలకలో వేస్తే పాతదానికీ దీనికీ పెద్ద తేడా కనబడలేదు. అది రకం తప్పని చెప్పలేను. అక్కడ ఏది వేసినా అంతేనేమో. లేక రెండు చోట్లా పక్కపక్కన పాతదాన్నీ వేసి ఉంటే తెలిసేదేమో. వెయ్యలేదు, నాకూ తట్టలేదు.

నిన్న పొద్దున బాబాయికి ఫోన్ చేశాను. కొత్తది రెండు కిలోలే కొనమన్నాను. బావి కాడ వద్దు, పై చెలకలో పాతదాని పక్కన నాలుగు సాళ్లు ఇది, నాలుగు సాళ్లు అది వెయ్యమన్నాను. పది సెకన్లు ఏమీ మాట్లాడలేదు. "డబ్బు పెట్టి కొన్న విత్తనం తీసుకపోయి రాళ్లల్ల పొయ్యమంటవా?" అన్నాడు. చిన్నమ్మకు ఫోన్ ఇవ్వమన్నాను. పశువుల దగ్గరుందట, సాయంత్రం చెయ్యమన్నాడు.